గవర్రాజు బోణీ

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి గవర్రాజు చొక్కా విప్పి బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి. అతను పడుకోనిదే ఆ పరిశోధనశాలలో ఎవరికీ కాఫీ కూడా గొంతు దిగేది కాదు. కాకినాడ జగన్నాథపురంలో ఒకప్పటి ధాన్యం గోదాము అది. గోడలకి తెల్లరంగు వేసి, ఏసీలు బిగించి, గుమ్మానికి ఇత్తడి అక్షరాలతో పేరు తగిలించినా, వాన కురిస్తే మాత్రం ఊక వాసన కొట్టేది. అందులో పెద్ద చదువులు చదివినవాళ్ళు పదకొండుమంది. అయిదో తరగతి గట్టెక్కని అటెండరు గవర్రాజు ఒక్కడు. అయినా రోజూ పని మొదలయ్యేది అతనితోనే.

"అమ్మగారండి, ఇది మరీ సల్లగా ఉందండి. బతికున్న సేపని తెచ్చి పొట్ట మీద ఎట్టినట్టుందండి," అనేవాడు, ఆ పరిశోధనశాల పెద్ద హైమవతి అతని నడుముకి పట్టీ చుడుతుంటే.

"అది చేపే కదా గవర్రాజుగారూ," అనేది ఆవిడ.

అందులో అబద్ధమేమీ లేదు. కొర్రమీను ఒంటికి రెండు పక్కలా తలనుంచి తోకదాకా సన్నటి గీత ఉంటుంది. బురదనీళ్ళలో కళ్ళు పనిచెయ్యకపోయినా, నీళ్ళు ఎటు కదిలిందీ ఎక్కడ సుడి తిరిగిందీ చేపకి ఆ గీత వల్లే తెలుస్తుంది. హైమవతి ఆ గీతలోని కణాలని గాజుపళ్ళెంలో పెంచి, జానెడు వెడల్పు పట్టీకి లోపలివైపు పొరలా పరిచింది. దాన్ని మనిషి పొట్టకి చుడితే, గుండెనుంచి కాళ్ళవైపు దిగే పెద్ద ధమనిలో నెత్తురు ఎలా నడుస్తోందో ఆ పొర పసిగడుతుంది. ధమని గోడ పలచబడి ఒకచోట బుడగలా ఉబ్బితే నెత్తురు అక్కడ సుడి తిరుగుతుంది. సుడి తగిలితే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం. ఒక్క నిమిషం పని. రేషన్ షాపు అరుగు మీదైనా చెయ్యొచ్చు.

ఆ ఉబ్బుతో వచ్చిన చిక్కల్లా అది నొప్పి పెట్టకపోవడమే. ఏళ్ళతరబడి చడీచప్పుడూ లేకుండా పెరిగి ఒకనాడు పగులుతుంది. హైమవతి తండ్రి నలభై తొమ్మిదేళ్ళ వయసులో, పెరుగన్నం కలుపుకుంటూ "నడుం పట్టేసిందే" అని పక్కకి ఒరిగిపోయాడు. అంబులెన్స్ వీధి మలుపు తిరిగేలోపే అయిపోయింది. అప్పుడావిడ ఇంటర్ చదువుతోంది. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళ చదువూ ఉద్యోగమూ ఆ ఒక్క మధ్యాహ్నం చుట్టూనే తిరిగాయి. చుట్టాలు 'చేపల డాక్టరు' అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది.

పట్టీకి ఒక్కటే లోపం. ఆ కణాలు ప్రాణమున్నవి. రాత్రంతా ఉప్పునీళ్ళ పళ్ళెంలో ఉండి, తెల్లారేసరికి నేర్చుకున్నదంతా మరిచిపోయేవి. అందుకని రోజూ పొద్దున్నే ఆరోగ్యంగా ఉన్న మనిషికి చుట్టి, మంచి నెత్తురు నడక ఇలా ఉంటుందని వాటికి మళ్ళీ నేర్పాలి. దీనికి వాళ్ళు పాఠం అని పేరు పెట్టుకున్నారు. ఆ పొద్దుటి పాఠంకన్నా అధ్వాన్నంగా ఉన్నవాళ్ళకే ఆ రోజు ఎర్రదీపం వెలుగుతుంది.

పాఠానికి నియమాలు హైమవతే రాసింది. ముగ్గురు మనుషులు వంతులవారీగా పడుకోవాలి. ఆ ముగ్గురికీ ఆరునెలలకోసారి ఆస్పత్రిలో స్కానింగ్ చేయించాలి. మొదట్లో కొన్నాళ్ళు అలాగే జరిగింది. అయితే పట్టీ మొట్టమొదటిసారి ఒక ప్రాణం కాపాడిన రోజున పాఠం చెప్పింది గవర్రాజు. సామర్లకోటలో టీ అమ్ముకునే ఒకాయనకి ఎర్రదీపం వెలిగింది. స్కానింగ్‌లో నిమ్మకాయంత ఉబ్బు కనపడింది, ఆపరేషన్ చేశారు, మనిషి బతికాడు. రెండోదీ మూడోదీ కూడా గవర్రాజు వంతు రోజునే దొరికాయి. ఇంక చెప్పాలా? పొద్దున్నే మంచి చెయ్యి బోణీ చేస్తే కొట్లవాళ్ళకి ఎంత ధీమాగా ఉంటుందో, పీహెచ్‌డీలు చేసినవాళ్ళకీ అంతే ధీమా పట్టుకుంది. "గవర్రాజుగారి బోణీ పడితే తిరుగుండదు" అన్నారు. మిగిలిన ఇద్దరూ మెల్లగా తప్పుకున్నారు. హైమవతి ముందు కసిరింది, తర్వాత నవ్వింది. చివరికి గవర్రాజు పావుగంట ఆలస్యమైతే గుమ్మంలోకొచ్చి నిలబడి రోడ్డు చూసేది ఆవిడే.

స్కానింగ్ సంగతీ అంతే. ఒక్కసారి చేయించారు, శుభ్రంగా ఉంది. రెండోసారి వచ్చేసరికి, "రోజూ పట్టీ కడుతూనే ఉన్నాం కదా, ఇంకా స్కానింగెందుకు?" అంది హైమవతి. రోజూ కడుతున్నది అతన్ని పరీక్షించడానికి కాదు, అతన్ని చూసి నేర్చుకోవడానికి. ఈ తేడా ఆవిడకి తట్టలేదు. అక్కడున్న ఎవరికీ తట్టలేదు. గవర్రాజు భోజనం చేశాక గోదాము వెనక్కి వెళ్ళి చుట్ట కాల్చుకునేవాడు. ధమనికి పొగ ఎంత చేటో జిల్లా అంతా తిరిగి చెప్పేవాళ్ళే, ఆ వాసన తమ ముక్కుకి తగలనట్టు ఊరుకునేవారు.

అలా ఆరేళ్ళు. నాలుగో ఏటినుంచి ఎర్రదీపాలు తగ్గుముఖం పట్టాయి. వెయ్యిమందిలో పదకొండుమందికి వెలిగేది కాస్తా ఏడుగురికి వచ్చింది, తర్వాత నలుగురికి వచ్చింది. జనం మా మాట విని పొగ మానేస్తున్నారని హైమవతి ఒక సభలో చెప్పింది. శాలువా కప్పారు. వెనకాల కుర్చీలు సర్దుతున్న గవర్రాజు పని ఆపి మరీ చప్పట్లు కొట్టాడు.

ఆషాఢంలో ఒక మంగళవారం పొద్దున, గవర్రాజు పాఠం చెప్పి క్యాంపు వ్యాన్‌లో ఉప్పాడ వెళ్ళిపోయాక, తాళ్ళరేవునుంచి మంగతాయారు అనే ఆవిడ వచ్చింది. భర్త అప్పారాయుడు పడవలు కట్టే వడ్రంగి. ఆవిడ చేతిలో మడతలు నలిగిన కాగితం ఒకటుంది. పట్టీ కట్టించుకున్నవాళ్ళకి పచ్చముద్ర వేసి ఇచ్చే కాగితం అది.

"ఇది మీరిచ్చిందేనాండి?" అంది.

హైమవతి తీసుకుని చూసింది. "మాదేనమ్మా. ఏమైంది?"

"ఆయన పోయి పదకొండు రోజులైందండి. దూలం ఎత్తబోతా నడుం పట్టుకుని కూలబడిపోయారు. పొట్టలో రక్తం గొట్టం పగిలిపోయిందన్నారు ఆసుపత్రిలో. నేను దెబ్బలాట్టానికి రాలేదమ్మా. నెల్లాళ్ళ కితవే కదా మీరు బాగుందన్నారు. ఒక్క నెల్లో అంత పెరిగిపోద్దా అని, అదొక్కటీ అడుగుదారని వచ్చాను."

ఒక్క నెలలో అంత పెరగదు. హైమవతి కాగితం మీద తేదీ మరోసారి చూసింది. "కూర్చోండమ్మా, చూసి చెప్తాను," అని లోపలికి వెళ్ళింది.

పట్టీ లెక్కలన్నీ కంప్యూటర్‌లో చూసేది రెహానా. పన్నెండేళ్ళుగా హైమవతితోనే పనిచేస్తోంది. అప్పారాయుడి క్యాంపు తేదీ తీసి అటూ ఇటూ వెతికింది. "పట్టీ బానే ఉంది మేడమ్. ఆ రోజు పాఠం కూడా బానే పడింది," అంది.

"పాఠం బాగా పడిందని నీకెలా తెలుసు?"

రెహానా తెల్లబోయి చూసింది. "గవర్రాజుగారే కదా మేడమ్."

హైమవతి పక్క కుర్చీలో కూర్చుంది. ఆ అమ్మాయిని అడిగితే ఆ మాట చెప్పింది. తనని ఎవరైనా అడిగి ఉంటే తనూ అదే చెప్పేది. "గవర్రాజుగారి పాఠాలు మొదటిరోజునుంచీ ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి. ఎప్పుడూ తీసి చూళ్ళేదు గానీ, అన్నీ ఉన్నాయి."

"వరసగా వేసి చూపించు."

పదిహేను వందల పైచిలుకు ఉదయాలు. రెహానా వాటినన్నిటినీ బొమ్మలుగా మార్చి ఒకదాని వెనక ఒకటి నడిపించింది. అంతా కలిపి ముప్పావు నిమిషం పట్టింది. గవర్రాజు ధమని మొదట్లో చేతికర్రలా తిన్నగా ఉంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత బొడ్డుకి కాస్త పైన ఒకపక్క ఉబ్బెత్తుగా అయింది. ఆ ఉబ్బు పెరిగింది, ఇంకా పెరిగింది, నూనెలో పూరీ పొంగినట్టు పొంగుతూ పోయింది. ఆఖరి బొమ్మ ఆ పొద్దున్న ఎనిమిదింటిది.

రెహానా మళ్ళీ మొదట్నించీ నడపబోయింది. "వద్దు," అంది హైమవతి.

ఏ రోజుకారోజు వెంట్రుకవాసి తేడా. ఆ వెంట్రుకవాసిని పట్టీ మంచిదనే నేర్చుకుంది. గవర్రాజు లోపల ఉబ్బు పెరిగినకొద్దీ, బయట దానికన్నా చిన్న ఉబ్బులున్నవాళ్ళందరూ ఆరోగ్యవంతులైపోయారు. అప్పారాయుడి ఉబ్బు గవర్రాజుదానికన్నా చిన్నది. ఎర్రదీపాలు తగ్గింది అందుకు. శాలువా కప్పింది అందుకు.

హైమవతి గవర్రాజుకి ఫోన్ చేసింది.

"ఆయ్, సెప్పండమ్మగారు," అన్నాడు గవర్రాజు. వెనకాల సముద్రం హోరు వినపడుతోంది.

"ఏం చేస్తున్నారు?"

"బల్లలు దింపుతున్నావండి. మూడయ్యాయి. ఇంకో రెండున్నాయి."

"చేతిలో ఏమున్నా కింద పెట్టేయండి. పెట్టారా? ఎక్కడైనా నీడన కూర్చోండి. ఎవరు లేవమన్నా లేవకండి. నేనొస్తున్నాను."

"ఏంటండి, నా మీద కంప్లైంటేవన్నా వచ్చిందా?" అని నవ్వాడు.

బయటికి వస్తూ హైమవతి మంగతాయారు ముందు ఆగింది. "నెలలో పెరగలేదమ్మా. అప్పటికే ఉంది. మా పట్టీ తప్పు చెప్పింది. తప్పు నాది," అంది. మంగతాయారు కాగితం వెనక్కి తీసుకుని, ఉన్న మడతల మీదే మడిచి, "ఇది సూసుకునే ఆయన మళ్ళీ దూలాలెత్తడానికెళ్ళారమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఉప్పాడలో నేతసొసైటీ అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో నిలబెట్టిన పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు గవర్రాజు. హైమవతి ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను సగం అర్థమైనట్టూ సగం కానట్టూ విన్నాడు.

"మరి నాకెప్పుడూ ఎర్రదీపం ఎలగలేదేంటండి?"

"మీకెలా వెలుగుతుంది? మిమ్మల్ని చూసే కదా అది మంచీ చెడ్డా నేర్చుకుంది."

గవర్రాజు సముద్రం వైపు చూశాడు. "మరైతే నాలాంటోళ్ళందరికీ పచ్చదీపవే ఎలిగుంటాదా అండి?"

అంత త్వరగా అతనక్కడికి వస్తాడని ఆవిడ అనుకోలేదు. తల ఊపింది.

"ఎంతమందుంటారండి?"

"తెలీదు. లెక్క తియ్యాలి."

"అయ్యబాబోయ్," అన్నాడు గవర్రాజు. తన పొట్టలో ఏముందో విన్నప్పుడు కూడా అతను ఆ మాట అనలేదు.

ఆస్పత్రిలో స్కానింగ్ చేసిన సర్జన్ హైమవతిని పక్కకి పిలిచాడు. ఉబ్బు ఏడు సెంటీమీటర్లు దాటింది. గోడ కాగితంలా ఉంది. రేపు పొద్దున్న పదింటికి ఆపరేషన్, అంతవరకూ మంచం దిగకూడదు, దగ్గు వచ్చినా మెల్లగా దగ్గమనండి అన్నాడు. గవర్రాజు భార్య నూకరత్నం క్యారేజీతో, తువ్వాలుతో వచ్చింది. పలచటి మనిషి, మాట తక్కువ. తెచ్చిన అన్నం పెట్టకూడదన్నారని తెలిసి, క్యారేజీ ఎక్కడ పెట్టాలో తోచక చాలాసేపు చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"మీరెళ్ళండమ్మగారు," అన్నాడు గవర్రాజు.

"నేనిక్కడే ఉంటాను."

"ఉండి ఏం సేత్తారండి? నా సంగతి ఈళ్ళు సూసుకుంటారు. ఆ పేర్లెవరివో తియ్యండి ముందు. ఈపాటికి ఎవడో ఏ మూటో ఎత్తుకుంటా ఉంటాడు."

"సరే. రేపు మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళే ముందు వస్తాను."

"రాకండి. ఫోన్లు సెయ్యండి," అన్నాడు. ఆరేళ్ళలో అతను ఆవిడకి పని చెప్పడం అదే మొదలు.

గవర్రాజు మొదటిరోజు పాఠం మంచిది. దాని పక్కన క్యాంపుల్లో పట్టీ కట్టించుకున్న అందరి లెక్కలూ మళ్ళీ పెట్టి చూస్తే ఎవరు ఆరోగ్యంగా ఉన్నారో, ఎవరు లేరో తేలుతుంది. పదకొండుమందీ ఇళ్ళకి వెళ్ళకుండా కూర్చున్నారు. తెల్లారేసరికి ఎనభై ఏడు పేర్లు తేలాయి. ఏడున్నరకి హైమవతి మొదటి ఫోన్ చేసింది. కొందరు పొలంలో ఉన్నారు, కొందరు సముద్రం మీద చేపలవేటకెళ్ళారు. ఒకాయన బూతులు తిట్టాడు. ఒకావిడ, "మీరు బాగుందంటే అన్నవరం మెట్లెక్కి వచ్చామమ్మా," అని ఏడ్చింది. రెండు నంబర్లలో ఇంట్లోవాళ్ళెత్తి, ఆయన పోయి ఇన్నాళ్ళయిందని చెప్పారు. ఎందువల్ల పోయాడని అడగక్కర్లేకపోయింది.

తొమ్మిదింబావుకి ముప్ఫై ఒకటో పేరు, పిఠాపురంలో ఒక టైలరుది. హైమవతి అతనికి చెప్తుండగా రెహానా వచ్చి బల్లకి అవతల నిలబడింది. ఆ మొహం చూస్తే చాలు. హైమవతి టైలరుకి చెప్పాల్సింది పూర్తిగా చెప్పింది. ఏ ఆస్పత్రికి వెళ్ళాలో, ఎవరిని అడగాలో అతని చేత రెండుసార్లు చదివించుకుంది. అప్పుడు ఫోన్ పెట్టింది.

గవర్రాజుని ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళడానికి ఇంకో గంట ఉందట. నూకరత్నం తల దువ్వుతుంటే నడుం నొప్పన్నాడట. పరుగున తీసుకెళ్ళారు గానీ ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

హైమవతి బల్ల మీద తల ఆనించి పెద్దగా ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఎవరి తప్పూ లేదు. కాసేపయ్యాక లేచి మొహం కడుక్కుని ముప్ఫై రెండో పేరుకి ఫోన్ చేసింది. గవర్రాజు చెయ్యమన్నది అదే కదా.

పెద్దకర్మ అయిన మర్నాడు హైమవతి గవర్రాజు ఇంటికి వెళ్ళింది. కాలవగట్టు పక్క రెండు గదుల ఇల్లు. నూకరత్నం వరండాలో కూర్చుని గోంగూర కాడలు తుంచుతోంది. పీట వాల్చింది. హైమవతి పీట పక్కకి జరిపి నేల మీదే కూర్చుంది.

చెప్పాలనుకున్నదంతా చెప్పింది. ఎనభై ఏడుమందిలో ముగ్గురు అప్పటికే పోయారని, మిగిలినవాళ్ళందరికీ కబురందిందని, ఇరవై ఆరుమందికి ఆపరేషన్లు అయ్యాయని, వాళ్ళు లేచి తిరుగుతున్నారని చెప్పింది. పట్టీలన్నీ పెట్టెల్లో పెట్టి సీలు వేశామని, జరిగింది జరిగినట్టు రాసి కింద తన సంతకం పెట్టి పైకి పంపానని చెప్పింది. "ఆయన్ని ప్రతిరోజూ చూస్తూ కూడా చూడలేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు," అంది.

నూకరత్నం గోంగూర కట్ట పక్కన పెట్టింది.

"నాకు తెలుసమ్మా," అంది.

"ఏం తెలుసు?"

"ఆదివారాలు ఆయనకి నూనె రాసేదాన్ని. రెండేళ్ళ కితం ఓనాడు ఇక్కడ, బొడ్డు పైన, సెయ్యేత్తే లోపల్నించి కొట్టుకుంటా తగిలింది. గుండె కిందకి దిగొచ్చేసినట్టు. ఇదేంటయ్యా ఇక్కడ కొట్టుకుంటందీ, డాట్రుకి సూపించుకో అన్నాను. ఆయన నవ్వేశారు. ఓసి ఎర్రిదానా, అంత పెద్ద అమ్మగారు నన్ను రోజూ మిషను కట్టి మరీ సూత్తన్నారు, నాకేవన్నా ఉంటే ఆవిడకి తెలీదా అన్నారు. నిజవే కదా అనుకున్నాను. తర్వాత్తర్వాత అది ఇంకా గట్టిగా కొట్టేది. అయినా మరి అడగలేదు."



"అప్పుడే నేనొచ్చి మీతో ఒక్క ముక్క సెప్పుంటే," అంది నూకరత్నం, "ఆయన బతికేవోరా అమ్మా?"

ఆ ప్రశ్న ఇన్ని రోజులుగా ఆవిణ్ణి నిద్రపోనివ్వడం లేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. రెండేళ్ళ కిందట ఆ ఉబ్బు ఎంత ఉందో హైమవతికి బాగా తెలుసు. గోడ ఇంకా గట్టిగా ఉన్న రోజులవి. ఆపరేషన్ చేస్తే నూటికి తొంభైమంది బతుకుతారు. ఆ మాట చెబితే ఈవిడ జీవితాంతం దాన్ని మోస్తుంది. చెప్పకపోతే అది ఇంకో పచ్చముద్ర అవుతుంది. ఇక ఎవరికీ అబద్ధం చెప్పకూడదని హైమవతి అనుకుని ఎన్నాళ్ళో కాలేదు.

జరగని ఆ రోజుని ఆవిడ మనసులో జరిపించి చూసుకుంది. నూకరత్నం గుమ్మం బయట చెప్పులు విడిచి, జంకుతూ జంకుతూ లోపలికి వచ్చి చెప్తుంది. అక్కడ తనుంటుంది. అప్పుడు తనెలా ఉండేదో, తన మొహం మీద ఎలాంటి నవ్వుండేదో హైమవతికి స్పష్టంగా కనపడింది.

"లేదు నూకరత్నంగారూ," అంది. "మీరొచ్చి చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, పట్టీ కట్టి, మీకు పచ్చదీపం చూపించి ఇంటికి పంపేసేదాన్ని."

నూకరత్నం ఆవిడ మొహంలోకి చూసింది. "నిజంగానా?"

"నిజంగానే. మీ చెయ్యి మాట వినేదాన్ని కాదు."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కర్మ అయ్యేదాకా అందరూ ఏడవమంటే ఏడవలేకపోయిన మనిషి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. హైమవతి ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. అక్కడే నేల మీద కూర్చుని ఉండిపోయింది.